బోటి అడిగితే ఏ పొట్ట ఇచ్చినట్టు?

పెళ్ళయి మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా ధర్మాబాద్ వచ్చిన కొత్తలో ఒక ఆదివారం నన్ను మటన్ దుకాణానికి పంపారు. మాది నిజామాబాద్. మా దగ్గర బోటి అంటే పేగులు, పొట్ట కలిపి ఇచ్చే సరుకు, అందులో అనుమానమే లేదు. వచ్చీరాని మరాఠీలో "అర్ధా కిలో బోటీ ద్యా" అన్నాను. దుకాణమాయన తల ఊపి, తొడ దగ్గర మాంసం తీసి చకచకా ముక్కలు కొట్టి, కవర్లో వేసి చేతిలో పెట్టాడు. డబ్బులు కూడా మటన్ లెక్కనే తీసుకున్నాడు. ఇంటికొచ్చి కవర్ విప్పితే అత్తమ్మ ఒకటే నవ్వు. "ఇక్కడ బోటీ అంటే తునక బిడ్డా. మనకు కావాల్సింది వజడీ."

ఉర్దూలో, మరాఠీలో బోటీ అంటే మాంసం ముక్క. బోటీ కబాబ్‌లో ఉండేది అదే. తెలంగాణ తెలుగులోకి వచ్చేసరికి అదే మాట పేగుల మీదికి దిగింది. హైదరాబాద్‌లో రెండు అర్థాలూ ఒకే వీధిలో పక్కపక్కనే బతికేస్తుంటాయి, ఎవరికీ ఇబ్బంది లేదు. ధర్మాబాద్‌లో మాత్రం డబ్బులు పోతాయి. ఇక్కడ పొట్ట వజడీ, పేగులు ఆతడీ. పక్క మొహల్లాలో ఉర్దూ మాట్లాడేవాళ్ళకు ఆ పొట్టే ఓఝడీ. ఈ కలగాపులగం మాకు కొత్తేం కాదు. అత్తమ్మ పుట్టిల్లు ముధోల్. 1956 దాకా ముధోల్ కూడా నాందేడ్ జిల్లానే. రాష్ట్రాలు విడగొట్టినప్పుడు అది ఆదిలాబాద్‌లోకి పోయింది, ఆదిలాబాద్‌లోని కిన్వట్ ఇటు వచ్చింది. ఊళ్ళు అటూ ఇటూ మారాయి గానీ మటన్ దుకాణంలో మాటలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

అసలు చిక్కు మాటలతో తీరేది కాదు. బోటి అనండి, వజడీ అనండి, బుట్టలో పడి ఉండే ఆ సరుకు ఒక్కటి కాదు. అందులో ఒక ముక్క తువ్వాలులా ఉంటుంది, ఒకటి తేనెతుట్టెలా, ఒకటి పుస్తకంలా, ఇంకొకటి జారిపోయే తడి గుడ్డలా. నాలుగింటినీ ఒకే కుక్కర్లో, ఒకే లెక్కన విజిళ్ళు పెట్టి దించేస్తాం. తర్వాత "కొన్ని ముక్కలు రబ్బరు, కొన్ని ముద్ద" అని గొణుక్కుంటాం. బతికున్నప్పుడు ఏ ముక్క ఏం పని చేసిందో తెలిస్తే దాన్ని ఎట్లా కడగాలో, ఎంతసేపు ఉడికించాలో సగం తెలిసిపోయినట్టే. నాకు ఇది తెలిసింది మా మరిది వల్ల. అతను పశువుల దవాఖానలో పని చేస్తాడు. బోటి కూర ముందు కూర్చుని పాఠం చెప్పడం అతనికి అలవాటు. తినేవాళ్ళకు అది ఇష్టమా కాదా అనేది అతను పట్టించుకోడు.

ముందుగా బళ్ళో చదువుకున్న ఒక మాట సరిచేసుకోవాలి. ఆవుకు, మేకకు నాలుగు పొట్టలు ఉండవు. ఉండేది ఒకటే పొట్ట, అందులో నాలుగు అరలు. పిండంగా ఉన్నప్పుడు ఒకే తిత్తిలా మొదలై తర్వాత నాలుగుగా విడుతుంది. వాటి పేర్లు రూమెన్, రెటిక్యులమ్, ఒమేసమ్, అబోమేసమ్. వీటిలో మన పొట్టలాగా ఆసిడ్ ఊరేది నాలుగోదాంట్లో మాత్రమే. ముందున్న మూడూ దానికి వాకిలి, వసారా లాంటివి. ఆవు, బర్రె, మేక, గొర్రె, జింక ఈ కోవలోవి. ఒంటె నెమరు వేస్తుంది గానీ దానికి మూడు అరలే. గుర్రం గడ్డే తింటుంది కానీ నెమరు వేయదు, దాని పులియబెట్టే పనంతా వెనక పెద్దపేగు దగ్గర జరుగుతుంది. పందికి మనలాగే ఒకటే గది.

ఇంత ఏర్పాటు ఎందుకంటే గడ్డి కోసం. గడ్డిలో, చొప్పలో బలం చాలావరకు సెల్యులోజ్ లాంటి నారలో ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైమ్ పాలిచ్చే జంతువుల్లో దేనికీ సొంతంగా లేదు. ఆవుకూ లేదు. ఆ పని చేసేవి సూక్ష్మజీవులు. వాటికి ఇల్లు కట్టి, వేడి పెట్టి, తిండి పెట్టి, చివరికి వాటినే అరిగించుకోవడం ఈ జంతువుల పద్ధతి. పూటకూళ్ళ ఇల్లు పెట్టి, చివర్లో అతిథులనే వండుకున్నట్టు.

ఆ పూటకూళ్ళ ఇల్లే రూమెన్. జంతువు ఎడమ డొక్కంతా అదే. పెద్ద ఆవుకు నూరు, నూటయాభై లీటర్ల దాకా పడుతుంది. మొత్తం పొట్టలో ఐదింట నాలుగు వంతులు ఈ ఒక్క అరదే. లోపల వేడి 39 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటుంది, ఆక్సిజన్ దాదాపు ఉండదు. లోపలి రసం ఒక్క మిల్లీలీటరులో వెయ్యి కోట్ల దాకా బాక్టీరియా ఉంటాయి. ఇవి కాక లక్షల్లో ప్రోటోజోవాలు అనే ఏకకణ జీవులు, కొన్ని ఫంగస్‌లు. ఇవన్నీ కలిసి గడ్డిని పులియబెడతాయి. ఇడ్లీ పిండి పులిసినట్టే, ఆగకుండా, రాత్రీ పగలూ. అందులోంచి ఎసిటిక్, ప్రోపియోనిక్, బ్యుటిరిక్ అనే ఆసిడ్లు పుడతాయి. మనం అన్నం తింటే రక్తంలోకి గ్లూకోజ్ వెళ్తుంది. మేక గడ్డి తింటే వెళ్ళేది ఎక్కువగా ఈ ఆసిడ్లే. దానికి కావాల్సిన శక్తిలో 60, 70 శాతం వీటి నుంచే.

ఇప్పుడు బోటిలోని తువ్వాలు ముక్కను చేతిలోకి తీసుకోండి. టర్కీ టవల్‌లా లేచి ఉన్న ఆ సన్నని నాలుకలన్నీ ఈ ఆసిడ్లను పీల్చుకోవడానికి వచ్చినవే. నున్నటి గోడ కంటే నాలుకలున్న గోడకు వైశాల్యం ఎన్నో రెట్లు ఎక్కువ. ఇంకో విశేషం, పుట్టుకతో ఇవి ఇంత పొడవుండవు. పాలు మాత్రమే తాగే మేకపిల్ల రూమెన్ చిన్నగా, లోపల దాదాపు నున్నగా ఉంటుంది. అది ఆకూ గడ్డీ కొరకడం మొదలుపెట్టాక, లోపల ఆసిడ్లు పుట్టాక, ముఖ్యంగా బ్యుటిరిక్ ఆసిడ్ తగిలాక, ఆ నాలుకలు పెరుగుతాయి. కాబట్టి తువ్వాలు గరుకుగా ఉందంటే ఆ మేక బాగా మేసిన మేక. లేత పిల్లను కోశారా, ముదురుదా అన్నది తొడ ముక్క చూసి చెప్పలేని వాళ్ళు కూడా పొట్ట ముక్క చూసి ఊహించొచ్చు. మా నాందేడ్ ఉన్న మరాఠ్వాడా ప్రాంతంలో ఎక్కువగా దొరికే నల్లని ఉస్మానాబాదీ మేకలు తుమ్మకాయలూ కంప ఆకులూ తిని తిరిగేవి. వాటి తువ్వాలు మామూలు గరుకు కాదు.

ఆ తువ్వాలు మధ్యలో అక్కడక్కడా నాలుకలు లేని, నున్నని, మందమైన పట్టీలు వస్తాయి. చాలామంది వాటిని కొవ్వు అనుకుని కోసి పారేస్తారు. అవి కొవ్వు కాదు, కండరం. రూమెన్ లోపల అడ్డంగా దూలాల్లా ఉండి, మేతను అటూ ఇటూ తిప్పేవి అవే. రూమెన్ నిమిషానికి ఒకటి రెండు సార్లు ముడుచుకుంటుంది. మా మరిది జబ్బు పశువును చూడ్డానికి వెళ్తే ముందు ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి కళ్ళు మూసుకుని నిలబడతాడు. ఆ కదలికలు లెక్కపెడుతున్నాడన్నమాట. అవి ఆగిపోయాయంటే లోపలి కొలిమి ఆరినట్టే. బతికినన్నాళ్ళూ విశ్రాంతి లేకుండా పని చేసిన కండరం కాబట్టి ఆ పట్టీలు అన్నిటికంటే ఆలస్యంగా ఉడుకుతాయి. ఉడికాక వాటికి మించిన ముక్క లేదని నా అభిప్రాయం. జపాన్ వాళ్ళు రూమెన్‌లో ఈ మందమైన భాగాన్ని మేలు రకంగా విడిగా అమ్ముతారు.

పులిసే చోట గ్యాస్ పుడుతుంది. పెద్ద పశువులో రోజుకు 250 నుంచి 500 లీటర్ల మీథేన్ దాకా వస్తుంది. అది వెనక నుంచి పోతుందని జనం నవ్వుకుంటారు గానీ, దాదాపు అంతా నోట్లోంచి తేన్పుల రూపంలో పోయేదే. తేన్పు ఆగిపోతే పొట్ట ఉబ్బి జంతువు చచ్చిపోతుంది. ఆసిడ్లు మితిమీరకుండా లాలాజలం కాపాడుతుంది. అందులో సోడా ఉప్పు లాంటి పదార్థం ఉంటుంది. ఆవు రోజుకు నూరు లీటర్లకు పైగా లాలాజలం ఊరిస్తుంది. నెమరు వేసేది నమలడానికి మాత్రమే కాదు, ఈ సోడా లోపలికి పంపడానికి కూడా. రోజులో ఏడెనిమిది గంటలు ఇదే పని, ఒక్కో ముద్దకు నలభై, యాభై నమిలింపులు. మనం జ్ఞాపకాలు నెమరు వేసుకుంటాం అంటాం గానీ, అంత ఓపిక మనకెక్కడిది.

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాం. రెండేళ్ళ కింద మా మేక ఒకటి రాత్రి తాడు తెంపుకుని జొన్నల బస్తా మీద పడింది. పొద్దునకు పొట్ట బిగుసుకుపోయి, పళ్ళు కొరుకుతూ పడుకుని ఉంది. గడ్డి నిదానంగా పులుస్తుంది, గింజ మాత్రం ఒక్కసారిగా పులుస్తుంది. లాక్టిక్ ఆసిడ్ పుట్టి, పులుపు పెరిగి, మామూలు సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. ఒంట్లోని నీళ్ళన్నీ పొట్టలోకి లాగేస్తుంది. మరిది వచ్చి సోడా ఉప్పు నీళ్ళు పట్టించాడు. అప్పటికే ఆలస్యమైంది. అత్తమ్మ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. జొన్నతో ఇంకో ప్రమాదం కూడా ఉంది. వానలు ఆగిపోయి ఎండిన చేలో లేత జొన్న పిలకలు లేచినప్పుడు వాటిలో సైనైడ్‌గా మారే పదార్థం ఎక్కువగా ఉంటుంది. గుర్రం కంటే ఆవూ మేకా దానికి త్వరగా బలవుతాయి, ఎందుకంటే రూమెన్‌లోని సూక్ష్మజీవులే ఆ విషాన్ని విడగొట్టి బయటికి తెస్తాయి. ఇంట్లో పెట్టుకున్న అతిథులు ఒక్కోసారి ఇట్లా కూడా చేస్తారు.

రూమెన్‌కు ముందు వైపు, గుండెకు దగ్గరగా, తేనెతుట్టె ఉంటుంది. రెటిక్యులమ్. నిజానికి రూమెన్‌కూ దీనికీ మధ్య పూర్తి గోడ లేదు, ఒక గడప మాత్రమే. మేత రెండింట్లోనూ తిరుగుతుంది. దీని పని జల్లెడ పని. సన్నగా నలిగి, బరువెక్కి అడుగుకు చేరిన పొడి తర్వాతి గదికి పోతుంది. నలగనిది వెనక్కి, మళ్ళీ నోట్లోకి. మేక సంగతైతే ఒకటి రెండు మిల్లీమీటర్ల కంటే పెద్ద ముక్క తర్వాతి గదికి దాటడం అరుదు. లోపలి గోడ మీద ఐదారు మూలల గూళ్ళు వరసగా ఉంటాయి. ఏ మేస్త్రీ కట్టలేనంత పొందిగ్గా.

బరువైనవన్నీ అడుగుకు చేరతాయి కాబట్టి మేకు మింగినా, తీగముక్క మింగినా ఇక్కడే ఆగుతుంది. రెటిక్యులమ్ గట్టిగా ముడుచుకున్నప్పుడు ఆ తీగ గోడ చీల్చుకుని, పక్కనే ఉన్న గుండె పొరలోకి దిగిపోతుంది. ఆవులు, ఎద్దులు నాలుకతో మేతను గుంజుకుని అట్లాగే మింగేస్తాయి, అందుకే వాటికి ఈ ప్రమాదం ఎక్కువ. చాలా దేశాల్లో రైతులు ముందుజాగ్రత్తగా పశువుకు ఒక అయస్కాంతం మింగిస్తారు. అది జీవితాంతం ఈ తేనెతుట్టెలోనే కూర్చుని ఇనుప ముక్కల్ని పట్టి ఉంచుతుంది. మేక అలా కాదు, పెదాలతో ఏరుకుని తింటుంది. మేక కాగితాలూ డబ్బాలూ తింటుందని అందరూ అంటారు గానీ, మేత విషయంలో అదంత పేచీ పెట్టే జంతువు మరొకటి లేదు.

వంటింట్లో ఈ తేనెతుట్టెకు మర్యాద ఎక్కువ. గూళ్ళలో మసాలా కూర్చుంటుంది, పులుసు నిలుస్తుంది. మా ఇంట్లో పిల్లలు కొట్టుకునేది ఈ ముక్క కోసమే. కడిగేటప్పుడు కూడా ఆ గూళ్ళే తలనొప్పి. ఒక్కో గూటి మూలలో ఆకుపచ్చని పొడి దాక్కుని ఉంటుంది.

మూడోది ఒమేసమ్. కోసి తెరిస్తే లోపల పుస్తకంలో కాగితాల్లా పొరలు. ఆవు, బర్రెల్లో ఇది ఫుట్‌బాల్ అంత ఉంటుంది, వంద దాకా పొరలు. మేకలో, గొర్రెలో నాలుగింట్లోకీ ఇదే చిన్నది, పిడికెడంత. ఇది నీళ్ళు పిండే గది. మొదటి రెండు గదుల్లో మేత జావలా ఉంటుంది. అంత నీరు నాలుగో గదిలోకి పోతే అక్కడి ఆసిడ్ పలచనైపోతుంది. అందుకని ఈ పొరలు నీటినీ, మిగిలిన ఉప్పులనూ లాగేసుకుంటాయి. ఇందులో మేత దాదాపు పిండిన చట్నీలా పొరల మధ్య ఇరుక్కుని ఉంటుంది. చైనా వాళ్ళు దీన్ని వంద ఆకులంటారు, జపాన్ వాళ్ళు, కొరియా వాళ్ళు వెయ్యి ఆకులంటారు. మన దుకాణాల్లో ఎక్కువమంది దీన్ని పక్కకు పారేస్తారు. పిడికెడు ముక్క కోసం అన్ని పొరలు కడిగే ఓపిక ఎవరికుంటుంది అన్నది వాళ్ళ వాదన. నిజమే. కానీ ఆ పొరలు పలచన, వాటిలో కండరం తక్కువ, కాబట్టి వేగంగా ఉడుకుతాయి. చైనాలో బర్రె, ఎద్దు పొరల్ని మరిగే మసాలా రసంలో పది పదిహేను సెకన్లు ముంచి తీసి తినేస్తారు, కరకరలాడుతుంటాయి. అదే పొరను తువ్వాలు ముక్కతో కలిపి ఏడు విజిళ్ళు పెడితే చిరిగిన బట్టలా అయిపోతుంది.

నాలుగోది అబోమేసమ్, అసలైన పొట్ట. ఇక్కడ ఆసిడ్ ఉంటుంది, మాంసకృత్తుల్ని అరిగించే ఎంజైమ్‌లుంటాయి. పూటకూళ్ళ ఇంట్లో పెరిగిన బాక్టీరియా వచ్చి చచ్చేది ఇక్కడే. మన కన్నీళ్ళలో, కోడిగుడ్డు తెల్లసొనలో బాక్టీరియాను చంపే లైసోజైమ్ అనే పదార్థం ఉంటుంది. ఆవు, మేకల్లో అది ఈ నాలుగో గదిలోనే పుష్కలంగా ఊరుతుంది. చచ్చిన ఆ బాక్టీరియానే జంతువుకు ప్రొటీన్. ఎండు వరిగడ్డి తిని ఎద్దు అంత కండ ఎలా పెంచుతుంది అంటే జవాబు ఇదే. గడ్డిలో ప్రొటీన్ పెద్దగా లేకపోయినా, దాన్ని తిని పెరిగిన సూక్ష్మజీవుల్లో ఉంటుంది. పశువుల డాక్టర్లు నూరు కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా కలిపి మాగబెట్టి పెట్టమని చెప్పేది కూడా అందుకే. యూరియాలోని నత్రజనిని వాడుకుని సూక్ష్మజీవులు ప్రొటీన్ కట్టుకుంటాయి. కొలత తప్పితే మాత్రం అదే విషం.

పుట్టిన దూడలో నాలుగు గదుల్లోకి పెద్దది ఈ చివరిదే. పాలు తాగేటప్పుడు గొంతు కింద ఒక గాడి గొట్టంలా ముడుచుకుని, పాలను రూమెన్‌లో పడనీయకుండా నేరుగా ఇక్కడికి పంపుతుంది. ఇక్కడ కైమోసిన్ అనే ఎంజైమ్ పాలను గడ్డ కట్టిస్తుంది, లేకపోతే పాలు అరగకుండానే జారిపోతాయి. చీజ్ తయారీకి పాతకాలం నుంచీ వాడింది ఈ దూడ పొట్ట లోపలి పొరనే. 1990లో అమెరికాలో సూక్ష్మజీవులతో తయారుచేసిన కైమోసిన్‌కు అనుమతి వచ్చాక దూడ పొట్ట అవసరం చాలావరకు తీరిపోయింది. మన పుస్తకాల్లో చీజ్‌ను జున్ను అని రాస్తారు, అది చదివి మా పక్కింటావిడ జున్ను తినడం మానేసింది. పాపం. మన జున్ను ఈనిన వెంటనే పిండే ముర్రుపాలతో చేసేది. ఆ పాలలో ఉండే ప్రొటీన్లు వేడికి వాటంతటవే గట్టిపడతాయి. దానికి ఏ పొట్టతోనూ పని లేదు.

ఈ నాలుగో గది ముక్క లోపల మెత్తగా, జిగటగా, వంకర మడతలతో ఉంటుంది. తువ్వాలులా మందమైన పైపొర దీనికి లేదు కాబట్టి వేడినీళ్ళు పోసి గీకే పని ఉండదు. ఉప్పు, పసుపు, చింతపండుతో రెండు మూడు సార్లు రుద్ది కడిగితే చాలు. ఇటలీలో ఫ్లారెన్స్ ఊరి వీధుల్లో బండ్ల మీద బన్ను మధ్య పెట్టి అమ్మే లాంప్రెదొత్తో ఈ ముక్కే, ఆవుది.

ఇక కడగడం. బోటి తిననివాళ్ళు వాసన గురించే మాట్లాడతారు. అది పేడ వాసన అనుకుంటారు. పొట్టలో ఇంకా పేడ ఎక్కడిది? పేడ తయారయ్యేది అవతల పెద్దపేగులో. పొట్టది పులిసిన వాసన, అందులో ముఖ్యమైనది బ్యుటిరిక్ ఆసిడ్. ముక్కిపోయిన వెన్నలో, నెయ్యిలో వచ్చేది కూడా అదే. అది తువ్వాలు నాలుకల పైపొరలో ఇంకిపోయి ఉంటుంది. ఆ నల్లని, గోధుమరంగు పైపొర తీసేస్తే వాసన చాలావరకు పోతుంది.

తీయడంలోనే కిటుకు ఉంది. నేను మొదటిసారి కళపెళా మరిగే నీళ్ళు పోశాను. ఎంత వేడైతే అంత శుభ్రం అనుకున్నాను. పొర కాస్తా గోడకు అతుక్కుపోయి, కత్తితో గీకితే ముక్క చిరిగింది గానీ పొర రాలేదు. అత్తమ్మ చెయ్యి చూస్తే అర్థమైంది. గిన్నె కింద బుడగలు మొదలవుతుండగానే దించేస్తుంది. వేలు ముంచి వెంటనే తీసేయాల్సినంత వేడి, 65, 70 డిగ్రీలు అనుకోవచ్చు. అందులో ముక్క వేసి ఒకటి రెండు నిమిషాలకు తీసి, ఒక కొన పట్టుకుని బొటనవేలితో తోస్తుంది. పొర చెమ్మగిల్లిన గోడ నుంచి సున్నం ఊడినట్టు పెచ్చులుగా ఊడి వస్తుంది. మొండికేసిన చోట స్టీలు చెంచా అంచుతో. ఆ తర్వాత చిటికెడు తినే సున్నం పూసి, పది నిమిషాలు ఉంచి, బండ మీద బట్టలు రుద్దినట్టు రాళ్ళ ఉప్పుతో రుద్దుతుంది. సున్నం క్షారం, కొవ్వునూ మిగిలిన పొరనూ వదులుచేస్తుంది. నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి, లేకపోతే కూర చప్పగా, సబ్బు రుచి వస్తుంది. మొత్తం గంట పని. పేగులు వేరే సంగతి, వాటిని నీటి ధార పెట్టి, తిరగేసి కడగడం అందరికీ తెలిసిందే.

వానాకాలం తర్వాత కొన్న పొట్టల్లో ఒక్కోసారి తువ్వాలు మధ్య గులాబీ రంగు దానిమ్మ గింజల్లాంటివి అతుక్కుని కనబడతాయి. చూసి భయపడి కూరంతా పారేసిన వాళ్ళున్నారు. అవి రూమెన్‌లో బతికే ఒక రకం పరాన్నజీవులు. చెరువు గట్ల మీద, గోదావరి ఒడ్డున నత్తలున్న చోట మేసిన జీవాలకు పడతాయి. గడ్డి ద్వారా పశువుకు పట్టేవే గానీ, ఉడికించిన పొట్ట తిన్నవాళ్ళకు పట్టవు. గీకితే పొరతో పాటే పోతాయి. మందు వేయని మంద అని మాత్రం అర్థం చేసుకోవచ్చు.

ఉడికించడం దగ్గర మా ఇంట్లో రెండు పద్ధతులు. అత్తమ్మది తెలంగాణ పద్ధతి, పుంటికూరతో. ఆంధ్రావాళ్ళు గోంగూర అనే ఆ ఆకునే మరాఠీవాళ్ళు అంబాడీ అంటారు, ఇక్కడి మార్కెట్లో రెండు పేర్లతోనూ దొరుకుతుంది. ముందు తువ్వాలు, తేనెతుట్టె, పట్టీ ముక్కలు కొద్దిగా పసుపు, అల్లంవెల్లుల్లితో కుక్కర్లో ఆరేడు విజిళ్ళు. పొట్ట గోడలో ఉన్న కొలాజెన్ అనే గట్టి నార తడి వేడికి నిదానంగా జిలెటిన్ అనే జిగురుగా మారుతుంది, పులుసుకు ఆ జిగురు అక్కడి నుంచే వస్తుంది. ఆ తర్వాత మూత తీసి పేగులు, నాలుగో గది ముక్కలు వేసి ఇంకో రెండు విజిళ్ళు. శనగపప్పు వేసేట్టయితే అది కూడా ఇప్పుడే. పుంటికూర అన్నీ ఉడికాకే. పులుపు ముందే పడితే పప్పు ఎంతకూ ఉడకదు. పైన ధర్మాబాద్ మిర్చి పొడి. ఈ ఊరి మిర్చి మార్కెట్ గురించి చుట్టుపక్కల జిల్లాల్లో అందరికీ తెలుసు, కారం సంగతి మళ్ళీ చెప్పక్కర్లేదు.

పక్కింటి మావశీది, అంటే పిన్నిది, మరాఠ్వాడా పద్ధతి. పులుపు ఉండదు. ఎండుకొబ్బరి, ఉల్లిగడ్డ నల్లగా కాల్చి నూరిన కాళా మసాలా, పలచని రస్సా, పక్కన భాక్రీ అనే జొన్న రొట్టె. నేను రెండూ తింటాను గానీ ఒట్టి బోటి వేపుడుకైతే ఆవిడ మసాలాకే ఓటేస్తాను. ఈ మాట అత్తమ్మ ముందు అనను.

ఈ వంటలన్నీ మేక, గొర్రె బోటితో చేసేవి. పెద్ద పశువుల బోటి మహారాష్ట్రలో ఇప్పుడు బర్రెది, దున్నది మాత్రమే. 1976 నాటి చట్టం ఆవునూ, ఆవు దూడల్నీ మాత్రమే పూర్తిగా కాపాడేది, 2015 మార్చి నుంచి ఎద్దులు, కోడెల్ని కోయడం కూడా నేరమైంది. అంతకుముందు పేదవాడలకు వారానికోసారి చౌకగా దొరికిన ప్రొటీన్ ఒకటి దానితో తగ్గిపోయింది. అటు తెలంగాణలో 1977 నాటి చట్టం వేరు, అందులో పనికిరాని ఎద్దులకు సర్టిఫికెట్ మీద అనుమతి ఉంది. కాబట్టి బోటి అనే మాటకే కాదు, బోటికి కూడా సరిహద్దు దగ్గర అర్థం మారుతుంది.

ఒంటికి మంచిదా అంటే, పశువు పొట్ట నూరు గ్రాములు పచ్చిది తీసుకుంటే 85 కాలరీలు, 12 గ్రాముల ప్రొటీన్, 4 గ్రాముల లోపు కొవ్వు. బి12 బాగానే ఉంటుంది. కొలెస్ట్రాల్ 120 మిల్లీగ్రాముల పైన, ఇది మామూలు మాంసం కంటే ఎక్కువ. కీళ్ళలో యూరిక్ ఆసిడ్ నొప్పి ఉన్నవాళ్ళకు డాక్టర్లు వద్దనే జాబితాలో ఇలాంటి లోపలి భాగాలన్నీ ఉంటాయి. మా మామయ్యకు ఆ నొప్పి ఉంది. ఆయన పులుసు మాత్రమే పోసుకుంటున్నాను అంటాడు. పులుసు కింద తేనెతుట్టె ముక్కలు దాచుకుంటాడని ఇంట్లో అందరికీ తెలుసు.

పొద్దున ఏడింటికల్లా వెళ్తే దుకాణమాయన పొట్టను కడగకుండా, మేతతోనే ఇస్తాడు. కొంచెం తక్కువకు కూడా ఇస్తాడు. అత్తమ్మ అట్లాంటిదే అడిగి తెస్తుంది. పెరట్లో దాన్ని కోసి, లోపలున్న ఆకుపచ్చ మేతను బకెట్లోకి దులుపుతుంది. నిమ్మచెట్టు మొదట్లో కాదు, మూరెడు దూరంలో గుంట తవ్వి అందులో పోసి, మట్టి కప్పి, పైన ఒక బండ పెడుతుంది. వీధి కుక్కలు రాత్రంతా ఆ బండ చుట్టూ తిరుగుతాయి.